గత పావుగంటలో ఏం మారింది?

"అక్కా, గత పావుగంటలో మారిన షిప్‌మెంట్లు ఇచ్చే క్వెరీ ఒకటి కావాలి. సింపులే."

ఈ మాట నా డెస్క్ దగ్గరికి తరచూ వస్తుంటుంది. క్వెరీ అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న. అడిగేవాళ్లే మారతారు. కస్టమర్లకు మెసేజ్‌లు పంపే టీంకి ఒకందుకు, వేర్‌హౌస్ టీంకి ఒకందుకు, ఫైనాన్స్ వాళ్లకి ఇంకొకందుకు. చివర్లో "సింపులే" అని మాత్రం అందరూ తగిలిస్తారు.

నేను హైదరాబాద్‌లో ఒక కొరియర్ కంపెనీలో డేటాబేస్ పని చూస్తాను. మాది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్. షిప్‌మెంట్ల టేబుల్ బుకింగ్ తేదీని బట్టి నెలకొక పార్టిషన్‌గా, అంటే విడి ముక్కగా, విడగొట్టి ఉంది. నాలుగేళ్ల డేటా, 48 ముక్కలు. అలా విడగొట్టడం వెనక మంచి కారణమే ఉంది. నెలవారీ బిల్లింగ్ ఒక్క ముక్కతో పూర్తవుతుంది. పాత నెల అక్కర్లేదనుకుంటే లక్షల వరుసలు డిలీట్ చేసి, ఆ తర్వాత వాక్యూమ్ (డిలీట్ అయిన వరుసల చోటు ఊడ్చే పని) ఎప్పుడు ముగుస్తుందా అని కూర్చోనక్కర్లేదు, ఆ ముక్కని డిటాచ్ చేసి పక్కన పెట్టేయొచ్చు. టేబుల్ చేసేటప్పుడే ముక్కలు ప్రకటించే ఈ డిక్లరేటివ్ పార్టిషనింగ్ 2017లో పదో వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు ఇన్హెరిటెన్స్, చెక్ కన్‌స్ట్రెయింట్లు, ట్రిగ్గర్లు (వరుస మారగానే దానంతటదే నడిచే కోడ్) కలిపి చేత్తో కట్టుకునేవాళ్లం. ఆ కాలాన్ని చూసినవాళ్లెవరూ ఇప్పటి పార్టిషన్ల గురించి పెద్దగా ఫిర్యాదు చెయ్యరు.

కానీ బుకింగ్ తేదీ అంటే ఆ రికార్డు పుట్టిన రోజు. మారిందెప్పుడన్నది వేరే సంగతి. జనన రిజిస్టర్ ముందేసుకుని పోయిన వారం పెళ్లయినవాళ్లెవరో చెప్పమంటే ఏ సంవత్సరం పుస్తకం తెరవాలి? అన్నీ తెరవాలి. మా దగ్గర జరిగేది అదే. ఈ రోజు స్టేటస్ మారినవాటిలో చాలావరకు ఈ నెలవీ, పోయిన నెలవీ ఉంటాయి. వాటి మధ్యలో ఎప్పటిదో రిటర్న్ పార్సిల్ ఒకటి గోడౌన్‌లో దొరికి స్కాన్ అవుతుంది. బరువు తేడా వచ్చి సెల్లర్ పెట్టిన గొడవ నాలుగు నెలల తర్వాత తేలుతుంది. పోయిన సరుకుకి క్లెయిమ్ సెటిల్ అవుతుంది. ఇవన్నీ పాత ముక్కల్లోని వరుసలే.

క్వెరీని నడిపి దాని ప్లాన్ చూపించే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ కొట్టి చూస్తే విషయం కళ్లకు కడుతుంది. బుకింగ్ తేదీ మీద షరతు పెట్టి, అందులో ఇప్పటి సమయం ఇచ్చే నౌ ఫంక్షన్ వాడితే, ప్లాన్ పైభాగంలో "సబ్‌ప్లాన్స్ రిమూవ్డ్: 46" అని ఒక లైను వస్తుంది. 48లో 46 ముక్కల జోలికి పోలేదని అర్థం. నౌ బదులు తేదీని నేరుగా రాస్తే ఆ లైను కూడా ఉండదు, ఎందుకంటే ప్లాన్ వేసేటప్పుడే అవి జాబితాలోంచి పోతాయి. అదే క్వెరీలో బుకింగ్ తేదీ తీసేసి చివరి మార్పు సమయం మీద షరతు పెట్టండి. ముక్కల ఫలితాలు కలిపే అపెండ్ కింద 48 ఇండెక్స్ స్కాన్లు వరుసగా దిగుతాయి (ఇండెక్స్ అంటే పుస్తకం చివరి పదసూచిక లాంటిది). అందులో ఓ నలభై "రోస్ జీరో" అని చెప్పి ఊరుకుంటాయి. మూడేళ్ల కిందటి ముక్కలో ఈ పావుగంటలో ఏమీ మారలేదని తెలియాలన్నా దాని ఇండెక్స్‌లోకి దిగి చూడాల్సిందే.

నిజం చెప్పాలంటే 48 ముక్కలకి ఇది మరీ ఘోరమేమీ కాదు. ఒక్కో ఇండెక్స్‌లో మూడు నాలుగు పేజీలు చదివి వెనక్కి వస్తుంది. ఒక మనిషి రోజుకి పదిసార్లు నడిపితే ఎవరికీ తెలియదు. కానీ ఇరవై సర్వీసులు, ఒక్కోదానికి పదేసి కనెక్షన్లు, ప్రతీదీ కొన్ని సెకన్లకోసారి ఇదే ప్రశ్న వేస్తుంటే కథ మారుతుంది. క్వెరీ ప్లాన్ చెయ్యడానికే ప్రతి ముక్క మీదా, దాని ఇండెక్సుల మీదా లాక్ (వాడుతున్నామన్న గుర్తు) తీసుకోవాలి. అవి బలహీనమైన లాకులే, ఎవరినీ ఆపవు. కాకపోతే పదిహేడో వెర్షన్ వరకు ఒక్కో కనెక్షన్‌కి ఫాస్ట్ పాత్ అనే సొంత దగ్గరి దారిలో 16 లాకులకే చోటుంది. మిగతావన్నీ అందరూ పంచుకునే పెద్ద లాక్ టేబుల్‌కి పోతాయి. అక్కడ తోపులాట మొదలవుతుంది, మానిటర్‌లో "లాక్ మేనేజర్" అనే వెయిట్ ఈవెంట్ ఎర్రగా లేస్తుంది. డిస్క్ ఖాళీగానే ఉంటుంది, సీపీయూ మాత్రం మండిపోతుంది. పద్దెనిమిదో వెర్షన్‌లో ఈ 16 అనే హద్దు ఎత్తేశారు. మేమింకా అక్కడికి చేరలేదు.

అందుకని అందరికీ ముందు తట్టే దారి: "గత 60 రోజుల బుకింగులు మాత్రమే చూడు, వాటిలో పావుగంటలో మారినవి ఇవ్వు." ముక్కలు మూడుకి తగ్గుతాయి, పని చకచకా అయిపోతుంది. కస్టమర్‌కి "మీ పార్సిల్ బయల్దేరింది" అని మెసేజ్ పంపేవాళ్లకి నేను ఇదే ఇస్తాను, ఎందుకంటే నాలుగు నెలల నాటి పార్సిల్ గురించి అర్ధరాత్రి మెసేజ్ వెళ్లకపోవడమే మేలు. ఫైనాన్స్‌కి మాత్రం ఇవ్వను. వాళ్లకి కావలసినవి సరిగ్గా ఆ పాత వరుసలే.

పార్టిషన్లనే మార్పు సమయం మీద పెడితే సరిపోదా అని ప్రతి కొత్త ఆర్కిటెక్టూ ఒకసారి అడుగుతాడు. సరిపోదండీ. ప్రతి స్కాన్‌కీ వరుస ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి గెంతాలి, లోపల అది ఒక డిలీట్, ఒక ఇన్సర్ట్. పైగా ప్రైమరీ కీలో (ఒక్కో వరుసనీ విడిగా గుర్తుపట్టే కాలమ్‌లలో) పార్టిషన్ కాలమ్ ఉండి తీరాలి కాబట్టి, ఒకే ఏడబ్ల్యూబీ (పార్సిల్ ట్రాకింగ్) నంబర్ రెండు ముక్కల్లో రెండుసార్లు ఉన్నా డేటాబేస్ నోరెత్తదు. ఆ దారి నాకు వద్దు.

ఇక ఇండెక్స్ సంగతి. చివరి మార్పు కాలమ్ మీద ఇండెక్స్ పెట్టగానే చదవడం బాగుంటుంది, రాయడం దెబ్బతింటుంది. పోస్ట్‌గ్రెస్‌లో హాట్ అప్‌డేట్ అని ఒక వెసులుబాటు ఉంది. మారిన కాలమ్‌లలో ఏ ఒక్కదాని మీదా ఇండెక్స్ లేకపోతే, అదే పేజీలో చోటుంటే, వరుస కొత్త రూపాన్ని అక్కడే రాసేసి ఇండెక్సుల జోలికి పోదు. మా టేబుల్‌లో స్టేటస్ కాలమ్ మీద కావాలనే ఇండెక్స్ పెట్టలేదు, పేజీల్లో ఖాళీ మిగిలేలా ఫిల్‌ఫ్యాక్టర్ కూడా తగ్గించి ఉంచాం. అంత జాగ్రత్తా ఈ ఒక్క ఇండెక్స్‌తో గంగలో కలుస్తుంది. ఎందుకంటే చివరి మార్పు సమయం ప్రతి అప్‌డేట్‌లోనూ మారుతుంది. పార్సిల్‌ని హబ్‌లో ఒకసారి బీప్ చేస్తే ఆ టేబుల్ మీదున్న ఇండెక్సులన్నిటిలో కొత్త ఎంట్రీ పడుతుంది.

కొన్నాళ్లు మేము నడిపిన ఏర్పాటు ఒకటుంది, అది నాకిప్పటికీ ఇష్టమే. పాత నెలల మీద మామూలు బీ-ట్రీ ఇండెక్స్ బదులు బ్రిన్ ఇండెక్స్. బ్రిన్ ప్రతి వరుసనీ గుర్తుపెట్టుకోదు, 128 పేజీల కట్టకి ఒక కనిష్ఠం, ఒక గరిష్ఠం మాత్రమే రాసుకుంటుంది. పాత నెలలో ఏదో ఒక వరుస ఇప్పుడే మారితే ఆ కట్ట గరిష్ఠం పైకి లేస్తుంది, "పావుగంటలో మారినవి" అనగానే ఆ కట్ట ఒక్కటే తెరుస్తుంది. పదహారో వెర్షన్ నుంచి బ్రిన్ మాత్రమే ఉన్న కాలమ్ మారినా హాట్ అప్‌డేట్ పోదు. అయితే ఈ నెల ముక్క మీద బ్రిన్ దండగ, అక్కడ ప్రతి కట్టలోనూ ఏదో ఒకటి ఇప్పుడే మారి ఉంటుంది. "ఇప్పటిదాకా" అనే ప్రశ్నకి కాకుండా "పోయిన మంగళవారం పది నుంచి పదకొండు" అన్నా బ్రిన్ పనికిరాదు, కట్ట కనిష్ఠ గరిష్ఠాల మధ్య ఆ గంట దాదాపు ఎప్పుడూ ఇరుక్కునే ఉంటుంది.

ఈ టైమ్ రేంజ్ రాయడంలోనూ తగాదాలున్నాయి. మా కుర్రాళ్ల క్వెరీల్లో నేను ఎక్కువగా దిద్దేది "ఇక్కడి నుంచి ఇక్కడిదాకా" అని చెప్పే బిట్వీన్‌నే. నిన్న 00:00:00 నుంచి నిన్న 23:59:59 వరకు అని రాస్తారు. టైమ్‌స్టాంప్‌లో మైక్రోసెకన్లున్నాయి కాబట్టి ఆఖరి సెకన్‌లో జరిగిందంతా జారిపోతుంది. పోనీ అని ఈ రోజు 00:00:00 వరకు అంటే, రెండు చివరలూ కలుస్తాయి కాబట్టి సరిగ్గా అర్ధరాత్రి పడిన వరుస రెండు రోజుల రిపోర్టుల్లోనూ కనిపిస్తుంది. మొదలు కలుపుకుని, చివర వదిలెయ్యాలి, అంతే. పోస్ట్‌గ్రెస్ పార్టిషన్ హద్దులు కూడా ఆ పద్ధతిలోనే ఉంటాయి, ఫ్రమ్ లోపల, టు బయట.

రెండోది, కాలమ్‌నే తేదీగా మార్చి పోల్చడం. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ కాలమ్‌ని ఫంక్షన్‌లో చుట్టేస్తే ప్లానర్‌కి ముక్కల హద్దులతో పోల్చే దారి పోతుంది, అన్ని ముక్కలూ మళ్లీ తెరుచుకుంటాయి. పైగా ఆ తేదీ ఎవరి తేదీ? సెషన్ టైమ్ జోన్ ఏదైతే అది. మన అర్ధరాత్రి యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం)లో ముందురోజు సాయంత్రం 18:30. సర్వర్ యూటీసీలో ఉండి, రిపోర్ట్ రాసినవాడి ల్యాప్‌టాప్ ఐఎస్‌టీలో ఉంటే, అదే క్వెరీ ఇద్దరికి రెండు లెక్కలిస్తుంది. ఇద్దరూ వచ్చి నా ముందే నిలబడతారు. హద్దు పక్కన ప్లస్ 05:30 అని స్పష్టంగా రాస్తే ఈ పంచాయితీ ఉండదు.

ఇంతవరకు చెప్పినవన్నీ వేగం గురించీ, కొలత గురించీ. అసలు చిక్కు ఇది కాదు.

ఒకసారి ఫైనాన్స్ మేడమ్ ఫోన్ చేశారు. "ఏమ్మా, సీఓడీ (క్యాష్ ఆన్ డెలివరీ) డబ్బు వచ్చినట్టు మీ మెయిన్ స్క్రీన్‌లో కనిపిస్తోంది, మా రిపోర్ట్‌లో లేదు. ఒకటి రెండు కాదు, ఒక బ్యాచ్ బ్యాచే లేదు." వెళ్లి చూస్తే వరుసలు భేషుగ్గా ఉన్నాయి. చివరి మార్పు 10:00 అని ఉంది. రిపోర్ట్ టేబుల్‌ని నింపే జాబ్ ప్రతి ఐదు నిమిషాలకీ నడుస్తోంది, ఎక్కడా ఫెయిల్ కాలేదు. ఎర్రర్ లాగ్ ఖాళీ.

జరిగింది ఇదీ. సీఓడీ సరిచూసే బ్యాచ్ ఉదయం 10:00కి ఒకే ట్రాన్సాక్షన్‌గా, అంటే మార్పులన్నీ కలిపి ఒకే మూటగా, మొదలైంది. పోస్ట్‌గ్రెస్‌లో నౌ అంటే ఈ క్షణం కాదు, ట్రాన్సాక్షన్ మొదలైన క్షణం. కాబట్టి అందులో మారిన ప్రతి వరుస మీదా 10:00 ముద్రే పడింది. బ్యాచ్ పని ముగించి కమిట్ అయ్యేసరికి, అంటే మార్పులు ఖరారై అందరికీ కనిపించేసరికి, 10:12. మధ్యలో 10:05కి రిపోర్ట్ జాబ్ వచ్చింది, 10:00 నుంచి 10:05 వరకు మారినవి అడిగింది. ఆ వరుసలు ఇంకా కమిట్ కాలేదు కాబట్టి కనిపించలేదు. "10:05 దాకా చూసేశాను" అని రాసుకుంది. 10:10కి వచ్చింది, అంతే. 10:15కి వచ్చేటప్పటికి వరుసలు కనిపిస్తున్నాయి, కానీ అది అడుగుతున్నది 10:10 నుంచి 10:15. 10:00 ముద్ర ఉన్నవాటిని ఇక జన్మలో అడగదు.

ఇక్కడ ఏ ఒక్కరి కోడూ తప్పు కాదు. వరుస మీద రాసుకున్న సమయం ఒకటి, అది బయటివాళ్లకి కనిపించిన సమయం ఇంకొకటి, మనం మొదటిదాన్ని పట్టుకుని రెండోదాని గురించి అడుగుతున్నాం. నౌ బదులు క్లాక్ టైమ్‌స్టాంప్ వాడమని ఎవరో ఒకరు చెబుతారు. అది నిజమైన గడియారమే, కానీ రాసిన క్షణాన్ని చూపిస్తుంది, కమిట్ అయిన క్షణాన్ని కాదు. సందు సన్నబడుతుంది, మూసుకోదు. డేటాబేస్ వరుసగా ఇచ్చే సీక్వెన్స్ నంబర్లదీ ఇదే గొడవ. 501 నంబర్ తీసుకున్నవాడు 502 తర్వాత కమిట్ కావచ్చు.

చవకైన మందు ఒకటుంది. ప్రతిసారీ కాస్త వెనక్కి వెళ్లి చదవడం. పోయినసారి 10:05 దాకా చూస్తే, ఈసారి 9:35 నుంచి మొదలుపెట్టు. చూసినవే మళ్లీ వస్తాయి, కాబట్టి తీసుకునేవాడు ఏడబ్ల్యూబీ నంబర్ మీద అప్‌సర్ట్ (ఉంటే మార్చు, లేకపోతే చేర్చు) చెయ్యాలి, రెండోసారి వచ్చినా ఏమీ తేడా పడకూడదు. మెసేజ్‌లు పంపే టీంకి ఇది కుదరదు, ఒకే మెసేజ్ రెండుసార్లు వెళ్తే కస్టమర్ కేర్ ఫోన్లు మోగుతాయి. పైగా అరగంట ఎందుకు, గంట ఎందుకు కాదు అన్నదానికి జవాబు లేదు. ఎక్కువసేపు నడిచే ట్రాన్సాక్షన్ ఎంతసేపు నడుస్తుందో, అంతకంటే కాస్త ఎక్కువ. నెలాఖరున అది ఎంతో ఎవరికి తెలుసు?

చివరికి మేము వేరే టేబుల్ పెట్టాం. మార్పుల చిట్టా. సన్నటిది: ఏడబ్ల్యూబీ నంబర్, బుకింగ్ తేదీ, మార్పు రకం, మార్పు సమయం, ట్రాన్సాక్షన్ ఐడీ. షిప్‌మెంట్ల టేబుల్ మీద, మార్పు జరిగాక నడిచే ఆఫ్టర్ ట్రిగ్గర్ ఒకటి ఇందులోకి ఒక వరుస రాస్తుంది. ఇది మార్పు సమయం మీద రోజుకొక పార్టిషన్. ఇందులో అప్‌డేట్లు లేవు, ఇన్సర్ట్‌లు మాత్రమే, కాబట్టి వరుస గెంతే బాధ లేదు. పదిరోజులు దాటిన ముక్కని డ్రాప్ చేసేస్తాం. షిప్‌మెంట్ల టేబుల్ మీదున్న చివరి మార్పు ఇండెక్స్ పీకేశాం, హాట్ అప్‌డేట్లు తిరిగొచ్చాయి. ప్రతి మార్పుకీ అదనంగా ఒక ఇన్సర్ట్ ఖర్చు ఉంది, లేదనను. ఎనిమిది ఇండెక్సుల్లో ఎనిమిది ఎంట్రీల కంటే అదే నయం.

బుకింగ్ తేదీని చిట్టాలో ఎందుకు మోస్తున్నామంటే, వెనక్కి షిప్‌మెంట్ల టేబుల్‌తో జాయిన్ చేసేటప్పుడు అదే దారి చూపిస్తుంది. చిట్టా వరుసలని ఒక్కొక్కటిగా తీసుకుని వెతికే నెస్టెడ్ లూప్‌లో ఒక్కో వరుసకీ దాని బుకింగ్ తేదీ ప్రకారం ఒకే ముక్క తెరుచుకుంటుంది. ప్లాన్‌లో మిగతా ముక్కల ఎదురుగా "నెవర్ ఎగ్జిక్యూటెడ్" అని ఉంటుంది. ఆ మాట వరుసగా కిందిదాకా కనిపిస్తే నాకు భోజనం చేసినంత తృప్తి.

చదివేవాడు సమయాన్ని గుర్తుపెట్టుకోవడం కూడా మానేశాడు. ట్రాన్సాక్షన్ ఐడీని 64 బిట్లలో తీసుకునే ఫంక్షన్ ఉంది, ట్రిగ్గర్ దాన్నే రాస్తుంది. చదివేవాడు ముందు ప్రస్తుత స్నాప్‌షాట్ ఎక్స్‌మిన్, అంటే ఇంకా నడుస్తున్న ట్రాన్సాక్షన్లలో అతి చిన్న ఐడీ, తీసుకుంటాడు. దానికంటే చిన్న ఐడీ ఉన్న ప్రతి ట్రాన్సాక్షనూ ముగిసిపోయినట్టే, కమిట్ కావడమో, రోల్‌బ్యాక్ కావడమో ఏదో ఒకటి. పోయినసారి ఎక్స్‌మిన్ నుంచి ఈసారి ఎక్స్‌మిన్ వరకు, మొదలు కలుపుకుని చివర వదిలేసి చదివితే ఒక్క వరుస జారదు, ఒక్కటి రెండుసార్లు రాదు. ఒకే పార్సిల్ ఐదుసార్లు మారితే ఐదు వరుసలొస్తాయి, అది వేరే, డిస్టింక్ట్ పెట్టుకుంటే సరి. సమయం షరతు ఇప్పటికీ ఉంది కానీ ముక్కలు తగ్గించడానికే: "నిన్నటి నుంచి ఇప్పటిదాకా" అని ఉదారంగా రాస్తాం, రెండు ముక్కలు తెరుచుకుంటాయి. మా దగ్గర ఏ ట్రాన్సాక్షన్‌నీ ఒక రోజు బతకనివ్వం కాబట్టి ఆ వెడల్పు చాలు.

డిలీట్లు కూడా చిట్టాలో పడతాయి. పాత పద్ధతిలో తీసేసిన వరుస గురించి అడగడానికి వరుసే ఉండేది కాదు. ఇంకో చిన్న మెలిక ఉంది, డాక్యుమెంటేషన్‌లో ఉన్నదే కానీ చాలామంది చదవరు. బుకింగ్ తేదీ తప్పు పడి ఎవరైనా సరిదిద్దితే వరుస ఇంకో నెల ముక్కలోకి వెళ్తుంది. అప్పుడు ఆఫ్టర్ అప్‌డేట్ ట్రిగ్గర్ అసలు నడవదు. ఆఫ్టర్ డిలీట్, ఆఫ్టర్ ఇన్సర్ట్ నడుస్తాయి. ట్రిగ్గర్‌ని అప్‌డేట్‌కి మాత్రమే తగిలించినవాళ్లకి ఆ మార్పు కనపడకుండానే పోతుంది.

ట్రిగ్గర్లెందుకు, వాల్ (మార్పులు ముందుగా రాసుకునే లాగ్) చదివే లాజికల్ డీకోడింగ్ పెట్టుకోవచ్చు కదా అంటారా? పెట్టుకోవచ్చు. 2014 నుంచి ఉంది, కమిట్ వరుసలోనే మార్పులిస్తుంది, మా చిక్కు పుట్టనే పుట్టదు. కానీ అటువైపు చదివేవాడు ఆగిపోతే, అతను ఎక్కడిదాకా చదివాడో గుర్తుంచుకునే రెప్లికేషన్ స్లాట్ వాల్ ఫైళ్లని పట్టుకుని కూర్చుంటుంది, ఎంతవరకు ఉంచాలో హద్దు పెట్టకపోతే డిస్క్ నిండేదాకా వదలదు. రాత్రిళ్లు కాపలా కాసేది మేం ముగ్గురం. ఆ టెన్షన్ ఇప్పుడు వద్దనుకున్నాం.

చిట్టాతో ఉన్న టెన్షన్లు రెండు. రేపటి ముక్క ఈ రోజే తయారుగా లేకపోతే ట్రిగ్గర్ ఇన్సర్ట్ ఫెయిలవుతుంది, దానితోపాటే షిప్‌మెంట్ అప్‌డేట్ కూడా. అంటే అర్ధరాత్రి దాటగానే ఏ హబ్‌లోనూ స్కాన్ పడదు. అందుకే వారం ముక్కలు ముందే చేసి పెడతాం, కింద, ఏ ముక్కలోనూ చోటులేని వరుసలు పడే డిఫాల్ట్ పార్టిషన్ ఒకటి పరిచి ఉంచాం. అందులో ఒక్క వరుస పడినా నాకు ఫోన్ వస్తుంది.

రెండోది, ఎక్స్‌మిన్ కదలకపోవడం. ఎవడో ఒకడు బిగిన్ కొట్టి ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ఒక అప్‌డేట్ చేసి, కమిట్ చెయ్యకుండా టీకి వెళ్తాడు. ఆ ట్రాన్సాక్షన్ ముగిసేదాకా అందరి రిపోర్టులూ అక్కడే నిలబడతాయి. వరుసలు తప్పిపోవు, ఆలస్యమవుతాయి, నేను ఎంచుకున్నది ఇదే. చదవడానికి మాత్రమే నడిచే పెద్ద రిపోర్టులతో ఈ ఇబ్బంది లేదు, రాయనంతవరకు వాటికి ఐడీ కేటాయించరు. ఖాళీగా వేలాడే ట్రాన్సాక్షన్లని తెంచేసే టైమౌట్ మనుషుల లాగిన్లన్నిటికీ ఐదు నిమిషాలు పెట్టాను. సీఓడీ బ్యాచ్ లాగిన్‌కి ఇంకా పెట్టలేదు. దాన్ని చిన్న చిన్న కమిట్లుగా విడగొట్టే పని వచ్చే స్ప్రింట్‌లో ఉందని ఆ టీం వాళ్లు చెబుతున్నారు, పోయిన స్ప్రింట్‌లోనూ అదే చెప్పారు.